జనన రిజిస్టరుకూ మరణ రిజిస్టరుకూ మధ్య ఇంకొక పుస్తకం: మున్సిపల్ కమిషనర్లకు, పంచాయతీ కార్యదర్శులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్లకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కరించి రాయునది.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. అందులో చివరి 7 ఏళ్లు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిని. ఇప్పుడు నాకు 68 ఏళ్లు. ఎన్ని వేల మార్కుల జాబితాల మీద, ఎందరి పిల్లల కుల ధ్రువీకరణ పత్రాల మీద 'నిజ ప్రతి' ముద్ర వేసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టానో నాకే గుర్తు లేదు. ఆఫీసులంటే జంకు గానీ, కాగితాలంటే విసుగు గానీ లేనిదాన్ని. అటువంటి నేను మా పట్టణ పురపాలక కార్యాలయంలో ఒక్క కవరు అప్పగించడానికి నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. ఆ నాలుగు రోజుల అనుభవమే ఈ లేఖ రాయించింది.

మొదటి రోజు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఉన్న కుర్రవాడు కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంటి పన్నా మేడమ్, కుళాయి కనెక్షనా?" అని అడిగాడు. రెండూ కావన్నాను. లోపలి కాగితం మీద 'లివింగ్ విల్' అనీ, దాని కింద 'ముందస్తు వైద్య నిర్దేశ పత్రం' అనీ రాసి ఉండటం చూసి, వీలునామా అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలని మర్యాదగానే చెప్పాడు. రెండో రోజు అక్కడికీ వెళ్లాను. "ఆస్తి షెడ్యూలు ఏదండీ?" అన్నారు. ఇందులో ఇల్లూ పొలమూ ఏమీ లేవనీ, ఉన్నదల్లా నా శరీరమేననీ చెబితే, ఆ గుమస్తా నన్ను జాలిగా చూసి మళ్లీ మున్సిపాలిటీకే పొమ్మన్నారు. మూడో రోజు మేనేజరుగారు సమావేశంలో ఉన్నారు. నాలుగో రోజు కవరు తీసుకుని ముద్ర వేసి రసీదు ఇచ్చారు. రసీదులో 'విషయం' అన్న గడిలో 'వినతి పత్రం – ఇతరములు' అని ఉంది.

ఆ పట్టణం పేరు నేను ఇక్కడ రాయడం లేదు. అక్కడ నన్ను ఎవరూ విసుక్కోలేదు, డబ్బులడగలేదు, నిలబెట్టి మాట్లాడలేదు. ఆ కాగితం తమ దగ్గరికి ఎందుకు వచ్చిందో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసినవారి వంతు నేను నా చేతనైనంతలో తీసుకుంటున్నాను.

వీలునామాకూ దీనికీ పేరులో ఉన్న పోలిక తప్ప మరొకటి లేదు. వీలునామా మనిషి పోయాక తెరిచేది. ఈ పత్రం మనిషి బతికి ఉండగానే పనికి రావాలి, పోయాక దీని అవసరమే ఉండదు. కోలుకునే అవకాశం లేని స్థితిలో, తన మాట తాను చెప్పుకోలేని దశకు చేరినప్పుడు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో తెలివి సరిగా ఉన్నప్పుడే రాసి పెట్టుకునే కాగితం ఇది. కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద, 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెబుతూ, రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో గౌరవంగా మరణించే హక్కు కూడా ఉందనీ, 18 ఏళ్లు నిండి స్వస్థబుద్ధితో ఉన్న ఎవరైనా ఇటువంటి పత్రం రాసుకోవచ్చనీ ప్రకటించింది. అయితే ఆనాటి పద్ధతి చాలా బరువైనది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టడంతో సరిపోదు, జిల్లా జడ్జి నియమించిన ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు కూడా దాని మీద సంతకం చేయాలి. ఒక ప్రతి మేజిస్ట్రేటు కార్యాలయంలో, ఒక ప్రతి జిల్లా కోర్టు రిజిస్ట్రీలో, ఇంకొకటి స్థానిక సంస్థలో ఉండాలి. జ్వరం వస్తేనే ఆసుపత్రికి పోవడానికి నాలుగు రోజులు ఆలోచించే మనవాళ్లు చావు కాగితం పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కుతారా?

ఈ సంగతి కోర్టుకూ అర్థమైంది. 2023 జనవరి 24న మరో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిబంధనలను సడలించింది. మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. జిల్లా కోర్టులో ప్రతి ఉంచడమూ పోయింది. పత్రం రాసినవారు ఒక ప్రతిని తమ తరఫున మాట్లాడవలసినవారికి, కుటుంబ వైద్యుడు ఉంటే ఆయనకు ఇచ్చి, మరొక ప్రతిని నగరపాలక సంస్థ, మున్సిపాలిటీ లేదా పంచాయతీలోని అధికారికి అప్పగించాలి. ఆ పత్రాలను భద్రపరిచే బాధ్యతను ఒక సమర్థుడైన అధికారికి మీరు అప్పగించాలి. కావాలనుకున్నవారు తమ డిజిటల్ ఆరోగ్య రికార్డులోనూ దీన్ని చేర్చుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయం మీ దృష్టికి తేదలచాను. 2018 పద్ధతిలో పత్రానికి మూడు ప్రభుత్వ చిరునామాలు ఉండేవి. 2023 తర్వాత మిగిలింది ఒక్కటే, అది మీ బీరువా. ఐసీయూలో రోగి స్పృహలో లేనప్పుడు బంధువు ఒక కాగితం తెచ్చి చూపిస్తే, అది నిజమైనదా కాదా అని వైద్యుడు తేల్చుకోవలసింది డిజిటల్ రికార్డు నుంచి, లేదంటే మీరు నియమించిన ఆ అధికారి నుంచి. డిజిటల్ రికార్డు లేని ముసలివారి విషయంలో దారి మీ దగ్గరికే వస్తుంది. నా కవరు 'ఇతరములు' కట్టలో, పందుల బెడద మీదా వీధి దీపాల మీదా వచ్చిన అర్జీల మధ్య పడి ఉంటే, ఆ రాత్రి ఫోను చేసిన వైద్యుడికి ఎవరు ఏమని సమాధానం చెబుతారు?

ఇది నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పడానికి మా నాన్నగారి సంగతి కొంత రాయక తప్పదు. 2019 ఆగస్టులో, తమ 86వ ఏట, ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 19 రోజులు ఐసీయూలో ఉంచాం. గొంతులో వెంటిలేటరు గొట్టం, ముక్కులో ఆహారం గొట్టం. వాటిని లాగేసుకుంటున్నారని రెండు చేతులనూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. సాయంత్రం 5 గంటలకు పది నిమిషాలు చూడనిచ్చేవారు. నేను వెళ్లి ఆ కట్టు కింద వేలు దూర్చి, బిగువుగా ఉందేమోనని చూసి వచ్చేదాన్ని. అంతకుమించి చేయగలిగింది లేదు. ఏడాది ముందు అరుగు మీద కూర్చుని, "నన్ను మాత్రం గొట్టాలతో కట్టేయకండ్రా, నా నులకమంచం మీదే పోనీయండి" అని ఆయన అన్నమాట నేను విన్నాను, మా అమ్మ విన్నది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు వినలేదు. వాడు ఫోనులో ప్రతిసారీ, "ఏం చేయగలిగితే అన్నీ చేయించక్కా, నేను బయల్దేరుతున్నాను" అనేవాడు. వాడిని తప్పుపట్టను. కొడుకు అనవలసిన మాటే అన్నాడు. డయాలసిస్‌కు సమ్మతి, మెడ దగ్గర గొట్టానికి సమ్మతి, రక్తానికి సమ్మతి అంటూ వచ్చిన ఫారాలన్నిటి మీదా నేనే సంతకాలు పెట్టాను. ఉద్యోగంలో పెట్టిన సంతకాలు ఒక ఎత్తు, ఆ 19 రోజుల్లో పెట్టినవి ఒక ఎత్తు.

చివరికి వరండాలో ఒక డాక్టరుగారు గొంతు తగ్గించి, "ఆపమని మేం చెప్పలేం మేడమ్. మీరే తీసుకెళ్తామని రాసిస్తే పంపిస్తాం" అన్నారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళుతున్నామని రాసివ్వడాన్ని ఆసుపత్రి భాషలో 'లామా' అంటారని అప్పుడే తెలిసింది. ఆయన సలహా అదే. కాగితం మీద మాత్రం మేం ఆయన సలహాను ధిక్కరించినట్టు! అంబులెన్సులో ఒక కుర్రవాడు రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందిస్తుంటే 90 కిలోమీటర్లు వచ్చాం. ఇంటికి తెచ్చి నులకమంచం మీద పడుకోబెట్టాం. దింపుడు కళ్లం ఆశ అంటారే, దానితో మా అమ్మ చెవి దగ్గర పేరు పెట్టి పిలిచింది. తులసి తీర్థం పోశాం. గొంతులో గొట్టం అలాగే ఉండటంతో అది లోపలికి పోక పెదవి పక్కనుంచి దిండు మీదికి జారిపోయింది. ఆ గొట్టం తీయవచ్చో తీయకూడదో చెప్పేవారు అక్కడ ఎవరూ లేరు.

డాక్టరుగారికి చట్టం భయం, నాకు తమ్ముడి భయం, తమ్ముడికి ఊరి భయం. మా నాన్నగారి మాట ఈ మూడింటి మధ్యా ఎక్కడా నిలబడలేదు, అది గాలిలో అన్న మాట గనుక. గుడిలో దర్శనం చేసుకుని మెట్ల మీద కూర్చున్నప్పుడు మన పెద్దలు 'అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం' అని తరతరాలుగా దేవుడికి అర్జీ పెట్టుకుంటూనే ఉన్నారు. దానికి రసీదు అడగాలని ఎవరికీ తోచలేదు.

2023 సడలింపు గురించి చదివాక నా పత్రం నేనే రాసుకుందామని కూర్చున్నాను. మొదట ఒక్క వాక్యమే రాశాను: 'కోలుకునే ఆశ లేనప్పుడు నన్ను కృత్రిమంగా బతికించవద్దు.' మా కుటుంబ వైద్యుడికి చూపిస్తే ఆయన చదివి, "టీచరుగారూ, ఆశ అంటే ఎవరి ఆశ? కృత్రిమంగా అంటే ఏది? సెలైను కృత్రిమం కాదా? న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉంటే మీరు లేచి నడిచి ఇంటికి పోతారు. అప్పుడూ వద్దంటారా?" అని అడిగారు. పిల్లల సమాధాన పత్రాల్లో 'స్పష్టత లేదు' అని ఎర్ర సిరాతో రాసినదాన్ని, నా వాక్యానికి నేనే సున్నా వేసుకోవలసి వచ్చింది. పత్రంలో స్పష్టత లేకపోతే వైద్య మండలి దాన్ని అమలు చేయకూడదని కోర్టు కూడా చెప్పింది. ఆ ఒక్క వాక్యం రెండు పేజీలు కావడానికి నాలుగు నెలలు పట్టింది. బాగయ్యే జబ్బుకు వెంటిలేటరు పెట్టండి, కొన్నాళ్లు ప్రయత్నించి చూడండి అని రాశాను. మెదడు తిరిగి బాగుపడని విధంగా దెబ్బతిన్నప్పుడు, మందులకు లొంగని స్థితికి క్యాన్సరు చేరినప్పుడు, మనుషులను గుర్తుపట్టని మతిమరుపు ముదిరి మింగలేని దశ వచ్చినప్పుడు గుండె ఆగితే ఛాతీ నొక్కి దాన్ని మళ్లీ ఆడించే సీపీఆర్ చేయవద్దనీ, వెంటిలేటరు, డయాలసిస్ మొదలుపెట్టవద్దనీ, అప్పటికే మొదలుపెట్టి ఉంటే తీసివేయవచ్చనీ రాశాను. నొప్పికీ ఆయాసానికీ మందు మాత్రం ఆపవద్దు, అవసరమైతే మార్ఫిన్ ఇవ్వండి, పెదవులు తడపండి, ఒళ్లు తుడవండి అనీ రాశాను. పెదవులు తడపమనడం ఎందుకని సాక్షిగా వచ్చిన స్నేహితురాలు అడిగింది. నేను చెప్పలేదు.

నా తరఫున మాట్లాడేందుకు మొదట మా అమ్మాయి పేరు, తాను అందుబాటులో లేకపోతే మా మరదలి పేరు రాశాను. ఒకరికంటే ఎక్కువ మందిని పేర్కొనవచ్చు. అబ్బాయి వీడియో కాల్‌లో, "ఇప్పుడెందుకమ్మా ఈ అపశకునపు మాటలు" అని కోప్పడి, పది రోజులు పలకలేదు. తర్వాత తనే ఫోను చేసి రెండో పేజీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. కొంచెంసేపు ఆగి, "సరే" అన్నాడు. ఆ పది రోజుల అలక ఇప్పుడే తీరిపోవడం మంచిదైంది. ఐసీయూ తలుపు దగ్గర అలిగితే తీర్చడానికి నేను ఉండను కదా.

ధ్రువీకరణకు నా స్థానంలోకి వచ్చిన ప్రధానోపాధ్యాయుడి దగ్గరికే వెళ్లాను. ఆయన అలవాటు కొద్దీ సొరుగులోంచి 'నిజ ప్రతి' ముద్ర తీశారు! ఇక్కడ ప్రతిని సరిచూడటం పని కాదు. రాసినవారు ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా, పర్యవసానాలన్నీ తెలిసే రాశారని సాక్షులూ, ధ్రువీకరించే అధికారీ తృప్తిపడి, ఆ సంగతి రాసి సంతకం చేయాలి. ఆయన ముద్ర పక్కన పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగారు. ధ్రువీకరణ అంటే అలా ఉండాలి. రేపు సంతకం కూడా రాని ఒక అత్తగారి చేత వేలిముద్ర వేయించి తెచ్చే కోడలూ ఉంటుంది, కొడుకూ ఉంటాడు. అక్కడ ఆ ఇరవై నిమిషాలే రక్ష.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం కొత్తదేమీ కాదు, తేలికగా కొట్టిపారేయదగ్గదీ కాదు. మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారి అధ్యక్షతన లా కమిషన్ 2006లో ఇచ్చిన 196వ నివేదిక, మరణావస్థలో ఉన్న రోగికి చికిత్స నిలిపివేసే వైద్యులకు చట్టరక్షణ ఉండాలని చెబుతూనే, ఇటువంటి ముందస్తు పత్రాలు మాత్రం చెల్లకూడదని తన ముసాయిదాలో రాసింది. పన్నెండేళ్ల తర్వాత రాజ్యాంగ ధర్మాసనం చెల్లుతాయంది, అయితే చుట్టూ కంచె కట్టి మరీ అన్నది. ఇప్పటి పద్ధతిలో, పత్రం ఉంది కదా అని ఎవరూ వెంటనే మర తీసేయలేరు. చికిత్స చేస్తున్న వైద్యుడు, ఆ రంగంలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రాథమిక మండలిగా చూడాలి. తర్వాత జిల్లా ప్రధాన వైద్యాధికారి పంపిన ఒక వైద్యుడు, మొదటి మండలిలో లేని ఇద్దరు నిపుణులు రెండో మండలిగా మళ్లీ చూడాలి. ఒక్కో మండలీ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రోగి పేర్కొన్న వ్యక్తుల సమ్మతి ఉండాలి. అమలు చేసే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. మండలి ఒప్పుకోకపోతే కుటుంబం హైకోర్టుకు వెళ్లవచ్చు. పైగా, రాసినవారు ఎప్పుడైనా మనసు మార్చుకుని, రాతపూర్వకంగా పత్రాన్ని రద్దు చేసుకోవచ్చు.

ఇది కారుణ్య మరణం కోరడమేనా అని నన్ను చాలామంది అడిగారు. పత్రికల్లో ఆ మాట ఎడాపెడా వాడటం వల్ల వచ్చిన తికమక అది. 2004 డిసెంబరులో హైదరాబాదులో కండరాల క్షీణతతో బాధపడుతున్న వెంకటేష్ అనే యువకుడు, అవయవాలు పాడవకముందే దానం చేసేందుకు వీలుగా తన ప్రాణాధారాన్ని తొలగించమని కోరడం, తల్లి ఆ కోరికతో హైకోర్టుకు వెళ్లడం, కోర్టు నిరాకరించడం, కొద్ది రోజుల్లోనే ఆయన కన్నుమూయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన తెలివితో ఉండి, ఇంకొకరి ప్రాణం కోసం, అప్పటికప్పుడు అడిగారు. నా పత్రం అడిగేది అది కాదు. ప్రాణం తీసే మందు ఇవ్వమని ఇందులో లేదు, రాసినా మన దేశంలో చెల్లదు. జబ్బు దాని దారిన అది పోతున్నప్పుడు, లాభం లేని మరను అడ్డం పెట్టవద్దని మాత్రమే ఉంది. ముంబైలో కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరులో దాడికి గురై, 2015 మే వరకు, 41 ఏళ్లకు పైగా అదే ఆసుపత్రి మంచం మీద ఉండిపోయారు. ఆమె ఏం కోరుకునేదో ఎవరికీ తెలియదు. 2011లో సుప్రీంకోర్టు ఆమె విషయంలో ఆమెను కంటికి రెప్పలా చూసుకున్న నర్సుల మాట విన్నది. ఆమె మాట వినే వీలు ఎవరికీ లేకపోయింది.

ఇక మీ నుంచి కోరేది. మీ కార్యాలయాలు 1969 నాటి చట్టం కింద జననాల రిజిస్టరు రాస్తున్నాయి, మరణాల రిజిస్టరు రాస్తున్నాయి. ఆ రెండింటి మధ్య ఇంకొక పుస్తకం పెట్టండి. వరుస సంఖ్య, తేదీ, రాసినవారి పేరు, వారు పేర్కొన్న వ్యక్తుల ఫోను నంబర్లు, రద్దయితే రద్దయిన తేదీ ఉంటే చాలు. ఒకరివే రెండు పత్రాలు ఉంటే చివర సంతకం చేసినదే చెల్లుతుంది గనుక తేదీ గడి ముఖ్యం, రద్దు గడి అంతకన్నా ముఖ్యం. దానికి ఒక అధికారిని నియమించేటప్పుడు మనిషి పేరుతో కాక హోదాతో ఉత్తర్వు ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శి బదిలీ అయిన రోజున పుస్తకమూ బీరువా తాళమూ చార్జి లిస్టులో చేరి చేతులు మారాలి. పత్రం స్కాన్ చేసి ఉంచండి. ఇక్కడ ఫోను సంగతి నేను నొక్కి చెబుతాను. పెద్ద జబ్బు చేస్తే మన జిల్లాలవారు హైదరాబాదుకో, విశాఖకో, విజయవాడకో పోతారు, రాయలసీమవారు వేలూరు పోతారు. పత్రం ఉన్న ఊరు వేరు, మనిషి పడుకున్న మంచం వేరు. వైద్యుడు అడిగేది ఆదివారం రాత్రి కావచ్చు. ఆఫీసు వేళల్లో మాత్రమే తెరుచుకునే బీరువా అప్పుడు ఎందుకూ పనికి రాదు. వైకుంఠ రథానికి ఫోను నంబరు ఆఫీసు గోడ మీద రాయిస్తున్నప్పుడు దీనికీ ఒకటి రాయించలేమా?

పల్లెల్లో ఇంకొక చిక్కు ఉంది. గ్రామ సచివాలయంలో గానీ పంచాయతీ ఆఫీసులో గానీ కూర్చునేవారిలో సగం మంది ఆ ఊరికి బంధువులే. ఫలానా పెద్దాయన 'చావు కాగితం' ఇచ్చి పోయాడని మధ్యాహ్నానికి రచ్చబండ మీద చెప్పుకుంటే మరొకరు ఆ గుమ్మం తొక్కరు. అందువల్ల పత్రాన్ని మూసిన కవరులో తీసుకోవాలి. లోపల ఏమి రాసి ఉందో చదివి మంచిచెడ్డలు చెప్పడం తీసుకునేవారి పని కాదు, భద్రపరచి, అడిగిన వైద్యుడికి అది నిజమైనదేనని చెప్పడమే పని. అలాగే ఈ పత్రం లేనిదే ఫలానా పథకం ఇవ్వం, ఫలానా వృద్ధాశ్రమంలో చేర్చుకోం అనే మాట ఎక్కడా వినబడకూడదు. చేరిక ఫారాల మధ్యలో దీన్నీ ఇరికించి సంతకం పెట్టించే ఆశ్రమం ఏదైనా మీ పరిధిలో కనబడితే దయచేసి ఊరుకోకండి. ఆసుపత్రి బిల్లు కట్టలేక 'లామా' రాసిచ్చి ఇంటికి తెచ్చుకునే పేదవారి బలవంతపు నిర్ణయాన్ని, తీరిగ్గా కూర్చుని రాసుకున్న ఈ పత్రంతో కలిపేసి, ఇదీ అదీ ఒకటేలే అనుకోవడం నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం.

ఇదంతా అసాధ్యమని అనుకోవడానికి లేదు. ముంబైకి చెందిన వైద్యుడు డాక్టర్ నిఖిల్ దాతార్ తన పత్రాన్ని నగరపాలక సంస్థకు ఇవ్వబోతే తీసుకునేవారెవరో తేలక, బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థల్లో ఇందుకు అధికారులను నియమించింది. ఆయన కథ చదువుతుంటే నాకు మా ఇన్‌వర్డ్ కుర్రవాడే కళ్ల ముందు మెదిలాడు. గోవాలో 2024 మే 31న, అప్పుడు బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎం.ఎస్. సోనక్ ఆ రాష్ట్రంలో మొదటి వ్యక్తిగా తన పత్రాన్ని నమోదు చేయించుకున్నారు. మన పొరుగున కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరి 30న ఉత్తర్వు ఇచ్చి, ఆసుపత్రులు వైద్య మండళ్లను ఏర్పాటు చేసే తీరునూ, పత్రాలను భద్రపరిచే తీరునూ వివరించింది. బళ్లారిలోనో రాయచూరులోనో ఉన్న తెలుగువాడికి ఉన్న ఆ స్పష్టత సరిహద్దుకు ఇటువైపున్న నాలాంటివారికీ కావాలి.

మీ చేతిలో లేనిది ఒకటుంది, కలెక్టరుగారి సమావేశాల్లో మీరు ఎత్తగలిగినది. తీర్పులో 'జిల్లా ప్రధాన వైద్యాధికారి' అని రాసిన చోట మన రెండు రాష్ట్రాల్లో ఉండేది జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి. రెండో మండలికి వారు పంపవలసిన వైద్యుల జాబితా ముందే సిద్ధంగా లేకపోతే 48 గంటలు జాబితా వెతకడంలోనే గడిచిపోతాయి. చికిత్స ఆపాక మనిషిని గాలికి వదిలేయకుండా నొప్పి చూసేవారు కూడా ఉండాలి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ వైద్యానికి, అంటే జబ్బు నయం కాకపోయినా బాధను తగ్గించే వైద్యానికి, ఏళ్లుగా పేరుపడినది. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇంటింటికీ వెళ్లే పాలియేటివ్ బృందాలు పనిచేస్తున్నాయి. మార్ఫిన్ దొరకడంలో ఉన్న చిక్కులను తగ్గించడానికి 2014లో మాదకద్రవ్యాల చట్టాన్నీ సవరించారు. నా పత్రంలో 'నొప్పికి మందు ఆపవద్దు' అన్న వాక్యానికి విలువ ఉండాలంటే, ఆ మందు మా పట్టణంలో దొరకాలి.

నా కవరు ప్రస్తుతం మీలో ఒకరి కార్యాలయంలో, 'ఇతరములు' కట్టలో ఉంది. రసీదు నా బీరువాలో, పింఛను పుస్తకం పక్కన ఉంది. వచ్చే నెల మొదటి సోమవారం పింఛనుదారుల సంఘం సమావేశానికి వచ్చినప్పుడు మళ్లీ ఆ ఇన్‌వర్డ్ సెక్షన్ దగ్గరికి వస్తాను. ఇప్పటికే ముగ్గురు స్నేహితురాళ్లు తమ పత్రాలు కూడా రాసుకుని, నా సంగతి తేలాక ఇద్దామని ఆగి ఉన్నారు. ఆ రోజుకు ఆ గడిలోని 'ఇతరములు' అన్న మాట కొట్టివేసి, దాని పక్కన పత్రం పేరు, వరుస సంఖ్య 1 అని వేసి, బాధ్యుడైన అధికారి హోదాతో సంతకం చేసి ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను. సిరా రంగు ఏదైనా ఫరవాలేదు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలు